మట్టి రాసింది, వేడినీరు దిద్దింది

ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా కుర్రకారు నమూనా సంచులు పట్టుకుని ఇంటికి వస్తూనే ఉన్నారు. వాళ్ళు అడిగేది చాలావరకు ఒకే ప్రశ్న: "సార్, ఇది పాత నేలా, వేడి ద్రావణం తినేసిన రాయా?" రెండూ పాలిపోయి, మెత్తగా, గోటికి గీత పడేలా ఉంటాయి. రెండింట్లోనూ సోడియం, కాల్షియం పోయి ఉంటాయి. భూమి తొలి సగం ఆయుష్షులో గాలి ఎలా ఉండేది, వాన ఎంత పుల్లగా ఉండేది, నేల మీద ప్రాణం ఉండేదా అన్నవాటికి మనం చెప్పుకునే జవాబుల్లో చాలా భాగం ఈ ప్రశ్న మీదే ఆధారపడింది. అందుకని నేను చేత్తో నేర్చుకున్నవీ, చదివి ఒప్పుకున్నవీ, చదివినా ఒప్పుకోనివీ వరసగా రాస్తున్నాను. అంకెలు గుర్తొచ్చిన క్రమంలో వేసినవి, ముఖ్యమైనది ముందు అనుకోవద్దు.

1. ముందు బతికున్న నేలను చదవండి

పాత నేలను గుర్తుపట్టాలంటే ఇప్పటి నేల బాగా తెలియాలి. హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంట్ పునాదికి తవ్విన గొయ్యి చాలు. పైన జానెడో మూరెడో ఎర్రమట్టి, దాని కింద మొరం, ఇంకా దిగితే గుండ్రటి బండలు చిక్కుకున్న గుల్లబారిన రాయి, అడుగున సుత్తి వేస్తే ఖంగున మోగే గ్రానైట్. ఒకటి ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం. ఓపిక ఉంటే వికారాబాద్, జహీరాబాద్ వైపు వెళ్ళి దక్కన్ లావా మీద ఏర్పడ్డ లేటరైట్ చూడండి. విశాఖ మన్యంలో ఖొండలైట్ కొండల నెత్తిన బాక్సైట్ చూడండి. వానలు సిలికాను కూడా కడిగేసి అల్యూమినియాన్ని మిగిల్చిన చోటు అది.

మూడింటిదీ ఒకే పద్ధతి. వాన పైనుంచి పడుతుంది, గాలి పైనుంచి సోకుతుంది. కాబట్టి మార్పు పైన ఎక్కువ, కిందికి పోయేకొద్దీ తక్కువ. వేడి ద్రావణానికి పైకిందల పట్టింపు లేదు. నెర్రె పట్టుకుని వస్తుంది, అటూ ఇటూ రాయిని తింటుంది, దూరం పోయేకొద్దీ నీరసపడుతుంది. కొండ దగ్గర నిలబడినప్పుడు తేల్చుకోవాల్సింది ఇదీ: మార్పు దేనికి దూరమయ్యేకొద్దీ తగ్గుతోంది? పాత నేలమట్టానికా, పగులుకా? ఇది నోట్‌బుక్‌లో రాసుకోకుండా ముక్క విరగ్గొట్టి సంచిలో వేసుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఎంత గొప్ప ప్రయోగశాల అయినా ఆ రాయికి పైవైపు ఏదో చెప్పలేదు.

2. సాక్షి పై పొరలో ఉంటాడు

ఇంతటితో పని అయిపోతే బాగుండు. చిక్కేమిటంటే, పాత నేలమట్టం మీద తర్వాత ఇసుకో గులకరాళ్ళో పేరుకుంటాయి. రెండింటి మధ్య హద్దు గుల్లగా ఉంటుంది. కోట్ల ఏళ్ళ తర్వాత భూగర్భంలో వేడి ద్రావణం దారి వెతుక్కుంటే ఆ హద్దునే పట్టుకుని పారుతుంది. అప్పుడు మార్పు కూడా నేలమట్టానికి సమాంతరంగానే కనిపిస్తుంది, అచ్చం నేలలాగే.

అలాంటి హద్దు ఎలా ఉంటుందో మనవాళ్ళకు చూపించడం తేలిక. తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు పక్కనే ఉంది. కింద సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్, దాని నెత్తిన కడప బేసిన్‌కు చెందిన క్వార్ట్‌జైట్. మధ్యలో సుమారు 80 కోట్ల ఏళ్ళ కాలం ఖాళీ అని లెక్క. జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. లక్షల మంది గోవింద నామం చెప్పుకుంటూ దాని పక్కనుంచే పోతారు, బోర్డు చదివేది ఏ కొద్దిమందో. 1872లోనే విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ళ మీద రాసిన మెమాయిర్ ఇప్పటికీ ఆ ప్రాంతం వెళ్ళేవాడి సంచిలో ఉండాల్సిన పుస్తకం.

ఇలాంటి హద్దు దగ్గర మామూలుగా జరిగేది నేల మిగలకపోవడమే. కొత్త సముద్రమో నదో వచ్చినప్పుడు మొదట కొట్టుకుపోయేది పై మట్టే. అది మిగలాలంటే లావా వచ్చి కప్పాలి, లేదా ఇసుక మెత్తగా, త్వరగా వచ్చి వాలాలి. దక్కన్‌లో 6.6 కోట్ల ఏళ్ళ నాటి లావా పొరల మధ్య ఇటుక రంగు పట్టీలు, రెడ్ బోల్ అంటాం, పశ్చిమ కనుమల ఘాట్ రోడ్లలో కనిపిస్తాయి. వాటిలో చాలావరకు అలా మిగిలిన నేలలే. కొన్ని మాత్రం అగ్నిపర్వతపు బూడిద మారగా మిగిలినవి. పై లావా సెగకు మాడి ఎర్రబడ్డవీ ఉన్నాయి. చూడగానే తేడా తెలియదు.

మరి హద్దు దగ్గర పాలిపోయిన రాయి కనిపిస్తే? పై పొరలో అడుగు జానెడును భూతద్దంతో గాలించండి. కిందున్న మారిన మట్టి గడ్డలే చిన్న చిన్న పెళ్ళలుగా ఆ ఇసుకలో చిక్కుకుని ఉంటే కేసు గెలిచినట్టే. ఆ ఇసుక వచ్చి పడేనాటికే మట్టి మట్టిగా ఉంది, నది దాన్ని పెళ్ళగించింది అని అర్థం. అదే పాలిపోయిన తనం హద్దు దాటి పైనున్న ఇసుకరాయిలోకి కూడా పాకితే, పలుగురాయి చారలు రెండు పొరల్నీ కోసుకుంటూ పోతే, తర్వాత వచ్చిన ద్రావణం పని ఎంతో కొంత ఉందని రాసుకోండి. రెండూ కనిపించే చోట్లే ఎక్కువ.

3. కదలని దాన్ని పట్టుకుని కదిలినదాన్ని లెక్కకట్టండి

టైటానియం, అల్యూమినియం, జిర్కోనియం వాన నీటికి లొంగవు. సోడియం, కాల్షియం, మెగ్నీషియం లొంగుతాయి. ఉదాహరణకు తాజా రాయిలో టైటానియం వందకు 1 పాలు, ఇనుము 10 పాళ్ళు ఉన్నాయనుకోండి. పై మట్టిలో టైటానియం 2 పాళ్ళయింది, ఇనుము మాత్రం 10 దగ్గరే ఉంది. టైటానియం ఎక్కడినుంచీ రాలేదు, చుట్టూ ఉన్నది సగం కరిగిపోయింది. కాబట్టి ఇనుము పైకి అంతే కనిపిస్తున్నా సగం పోయింది. పట్టికలో అంకెను అంకెలాగే చదివేవాళ్ళు ఇక్కడ బోల్తాపడతారు.

ఈ ఇనుము లెక్కతోనే హార్వర్డ్‌లో హైన్రిక్ హాలండ్ తన పనిలో పెద్ద భాగం నడిపారు. రాయిలో ఇనుము ఎక్కువగా ఫెర్రస్ రూపంలో ఉంటుంది, నీటిలో కరుగుతుంది. గాలిలో ఆక్సిజన్ ఉంటే అది అక్కడికక్కడే తుప్పుగా మారి నేలలో నిలిచిపోతుంది. ఆక్సిజన్ లేకపోతే వాన నీటితో కిందికి జారిపోతుంది. రాబ్ రై, హాలండ్ కలిసి 1998లో అప్పటిదాకా పురాతన నేలలని పేరుపడ్డవాటన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టారు. చాలావాటిని నేలలే కావని తోసిపుచ్చారు. నిలిచినవాటిలో సుమారు 220 కోట్ల ఏళ్ళకు ముందువి ఇనుము పోగొట్టుకున్నాయి, 200 కోట్ల ఏళ్ళ తర్వాతవి నిలుపుకున్నాయి. ఆ పత్రంలో నాకు ఎక్కువ నచ్చింది వాళ్ళ ముగింపు కాదు, ఎన్నిటిని పక్కన పెట్టారన్నది.

ఇక్కడ రాయి రకాన్ని మరిచిపోకూడదు. బసాల్ట్‌లో ఇనుము మెండు, గ్రానైట్‌లో కొద్ది. గ్రానైట్ నేలలోని ఇనుమును తుప్పు పట్టించడానికి కాస్త ఆక్సిజన్ చాలు, బసాల్ట్‌కు చాలదు. వానలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుంటే రాయి అంత జోరుగా కరుగుతుంది. నేల మనకు చెప్పేది ఈ రెండు వాయువుల నిష్పత్తి. ఆక్సిజన్ ఇంత అని నేరుగా చెప్పదు.

4. పొటాషియం ఎక్కువగా కనిపిస్తే అక్కడే ఆగండి

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో గుండెకాయ ఇదే, అందుకే కాస్త సాగదీస్తాను.

రాయి మట్టి అయ్యేటప్పుడు పొటాషియం కూడా పోవాలి. సోడియం, కాల్షియం అంత తొందరగా కాదు గానీ, పోతుంది. బాగా పండిన ఎర్రనేలలో మిగిలేది కయోలిన్ బంకమట్టి, తుప్పు. పురాతన నేలల్ని విశ్లేషిస్తే మాత్రం తరచూ దీనికి తలకిందులుగా వస్తుంది. పైకి పోయేకొద్దీ పొటాషియం పెరుగుతుంది. కయోలిన్ ఉండాల్సిన చోట సెరిసైట్ ఉంటుంది, మిలమిల మెరిసే సన్నని అభ్రకం. దక్షిణాఫ్రికాలో బసాల్ట్ మీద ఏర్పడిన, సుమారు 220 కోట్ల ఏళ్ళ నాటి హెక్‌పూర్ట్ నేల ఇలాంటిదే. కెనడాలో ఇలియట్ లేక్ యురేనియం గనుల కింద బయటపడ్డ నేలలూ, పశ్చిమ ఆస్ట్రేలియాలో 276 కోట్ల ఏళ్ళ నాటి మౌంట్ రో నేలా ఇలాంటివే.

జరిగిందేమిటి? నేల పూడిపోయింది. మీద కిలోమీటర్ల మందాన రాళ్ళు పేరుకున్నాయి. లోతుల్లో వేడెక్కిన ఉప్పునీరు ఫెల్డ్‌స్పార్‌ల నుంచి పొటాషియం తీసుకుని, హద్దు పట్టుకుని పారుతూ, బంకమట్టి తగిలిన చోట దింపేసింది. బంకమట్టికి పొటాషియం మీద మహా ఆశ. పాత దస్తావేజు మీద తర్వాతివాళ్ళు వేరే సిరాతో దిద్దినట్టు, నేల రాసిన లెక్క మీద ద్రావణం తన లెక్క రాసింది. దస్తావేజు దొంగది కాదు. దిద్దుబాటు ఎక్కడో పట్టుకుంటే అసలు రాత చదవొచ్చు.

పట్టుకునే దారులు రెండు. ఒకటి వయసు. సెరిసైట్‌లో రుబీడియం, స్ట్రాన్షియం ఐసోటోప్‌లు కొలిస్తే ఆ ఖనిజం ఎప్పుడు స్థిరపడిందో తెలుస్తుంది. హెక్‌పూర్ట్‌కూ, మౌంట్ రోకూ అలా కొలిచినప్పుడు వచ్చిన వయసులు నేల వయసు కన్నా పదుల కోట్ల ఏళ్ళు చిన్నవి. పొటాషియం వాన కాలం నాటిది కాదని తేలిపోయింది. రెండోది లెక్క. నెస్‌బిట్, యంగ్ 1982లో ఇచ్చిన శైథిల్య సూచికలో అల్యూమినియాన్ని, అల్యూమినియం, కాల్షియం, సోడియం, పొటాషియం నాలుగింటి మొత్తంతో పోలుస్తారు. తాజా గ్రానైట్‌కు 50 దగ్గర, పూర్తిగా కయోలిన్ అయిన మట్టికి 100 దగ్గర వస్తుంది. దొంగ పొటాషియం చేరితే ఈ సూచిక పడిపోయి, బాగా పండిన నేల కూడా సగం పండినట్టు కనిపిస్తుంది. 1995లో ఫెడో, నెస్‌బిట్, యంగ్ ముగ్గురూ త్రిభుజాకారపు పటం మీద నమూనాలు సహజంగా నడవాల్సిన దారి ఏదో, పక్కకు లాగబడ్డ దూరం ఎంతో చూసి, చేరిన పొటాషియాన్ని తీసివేసే పద్ధతి చూపించారు. ఒక మధ్యాహ్నం కూర్చుంటే వచ్చే విద్య. కంప్యూటర్‌కు అప్పగించే ముందు ఒక్కసారైనా గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో చేయండి.

5. నెత్తి ఉందో లేదో చూసుకోండి

హెక్‌పూర్ట్ నేలలో పై సెరిసైట్ పొరలో ఇనుము దాదాపు లేదు, కింద క్లోరైట్ పొరలో చేరింది. ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్న కాలపు నేల అని చాలాకాలం పాఠంగా చెప్పుకున్నాం. 2002లో నికొలాస్ బ్యూక్స్ బృందం బోట్స్‌వానాలో అదే మట్టానికి చెందిన డ్రిల్ కోర్, అంటే బోరు వేసి తీసిన రాతి కడ్డీ, పరిశీలించి వేరే మాట చెప్పింది. అక్కడ పాలిపోయిన పొర మీద ఎర్రగా, ఇనుముతో నిండిన లేటరైట్ నెత్తి మిగిలే ఉంది. మిగతా చోట్ల అది కొట్టుకుపోయింది, మనం చూస్తున్నది మొండెం అన్నారు. వికారాబాద్ లేటరైట్ కింద కూడా పాలిపోయిన మట్టి ఉంటుంది కదా! ఆ పొర ఒక్కటే చూపిస్తే ఈ కాలంలో ఆక్సిజన్ లేదని చెప్పేయొచ్చు.

ఇంతకీ ఆక్సిజన్ రాక విషయంలో నేలల సాక్ష్యం ఒక్కదాని మీదే బతకాల్సిన పని ఇప్పుడు లేదు. 2000లో ఫార్క్వార్, బావ్, థైమెన్స్ గంధకపు ఐసోటోప్‌లలో ఒక విచిత్రమైన గుర్తు కనిపెట్టారు. ఆక్సిజన్, దాని ఓజోన్ లేని గాలిలో అతినీలలోహిత కిరణాలు గంధకపు వాయువుల మీద పడితేనే అది నిలుస్తుంది. 240–230 కోట్ల ఏళ్ళ మధ్య ఆ గుర్తు మాయమవుతుంది. ఆ లెక్కన హెక్‌పూర్ట్ ఆక్సిజన్ వచ్చిన తర్వాతిది. నేను మొండెం వాదం వైపే.

6. వేడి ద్రావణాన్ని దొంగగానే చూడొద్దు

పై ఐదు పాఠాలూ చదివితే ద్రావణం సాక్ష్యాలు చెరిపే దుర్మార్గురాలు అనిపిస్తుంది. కడప జిల్లాలో పనిచేసినవాడికి అలా అనిపించదు. అక్కడ ఎంతోమందికి కూడు పెట్టింది అదే.

పులివెందుల చుట్టూ వేంపల్లె డోలమైట్‌లోకి సుమారు 188 కోట్ల ఏళ్ళ కిందట శిలాద్రవం పలకలుగా చొచ్చుకొచ్చింది. ఆ సెగకు కదిలిన నీళ్ళు డోలమైట్‌లోని మెగ్నీషియంతో కలిసి సర్పెంటైన్ అయ్యాయి. పగుళ్ళలో పట్టుకుచ్చుల్లాంటి రాతినార పుట్టింది. దాన్ని తవ్విన చేతుల ఊపిరితిత్తులు ఏమయ్యాయన్నది వేరే కథ. దక్షిణంగా మంగంపేటలో ముగ్గురాయి, అదే బెరైట్, ప్రపంచంలోని పెద్ద నిక్షేపాల్లో ఒకటి. చేతిలోకి తీసుకుంటే ఇంత రాయి ఇంత బరువా అని ఆశ్చర్యపోతారు. ఆ బరువు కోసమే చమురు బావుల బురదలో కలుపుతారు. బేరియం వేడి నీటిలో వచ్చి సముద్రంలోని సల్ఫేట్‌ను కలవగానే అడుగుకు దిగిపోతుంది. మంగంపేటలో అగ్నిపర్వతపు పాత్ర ఎంత అన్నదానిపై వాదనలు ఇంకా తెగలేదు.

మంగంపేట తెలిసినవాడు పశ్చిమ ఆస్ట్రేలియాలో పిల్బరా ఎడారి గురించి చదివితే ఒక్కసారి లేచి కూర్చుంటాడు. డ్రెస్సర్ ఫార్మేషన్ అనే చోట కూడా బెరైటే, ఒకప్పుడు గని తవ్వి తీశారు కూడా. వయసు మాత్రం 348 కోట్ల ఏళ్ళు! నిలువుగా లేచిన సిలికా చారలు, వాటి నెత్తిన బెరైట్, పక్కనే స్ట్రోమటోలైట్‌లు, అంటే సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాళ్ళు. వేడి నీరు పైకి తన్నిన గొట్టాలు ఆ చారలు. 2017లో తారా జోకిచ్ బృందం అక్కడ గైజరైట్‌ను, అంటే నేల మీది వేడి ఊటల అంచున పేరుకునే సిలికా పొరలను, గుర్తించామని ప్రకటించింది. మరి ఆక్సిజన్ లేని ఆ లోకంలో బేరియానికి సల్ఫేట్ ఎక్కడ దొరికింది? ఐదో పాఠంలో చెప్పిన గంధకపు గుర్తు ఆ బెరైట్‌లో ఉంది. అగ్నిపర్వతాల గంధకం గాలిలో ఎండకు విరిగి సల్ఫేట్‌గా మారి దిగింది. కిందినుంచి వచ్చిన బేరియం, పైనుంచి వచ్చిన సల్ఫేట్ కలిసిన చోటు అది. ద్రావణం ఇక్కడ గాలి చరిత్రను చెరపలేదు, దాచిపెట్టింది.

ఇనుప ఖనిజం సంగతీ అంతే. బళ్ళారి, సండూరు, ఓబుళాపురం, బయ్యారం వైపు ఎర్రటీ నల్లటీ పట్టీల రాళ్ళలో ఇనుము ఎక్కడిది అని పిల్లలు అడుగుతారు. నేలల నుంచి నదులు తెచ్చిందని ఒకప్పటి ఊహ. ఆక్సిజన్ లేని నేలలు ఇనుమును వదిలేవి కాబట్టి అందులో కొంత నిజం ఉండొచ్చు. 1977లో గలాపగోస్ దగ్గర సముద్రగర్భపు వేడి ఊటలు, 1979లో తూర్పు పసిఫిక్ రైజ్ మీద 350 డిగ్రీలు దాటిన నల్లటి పొగగొట్టాలు కనిపించాక ఆలోచన మారింది. అంత వేడి నీటిలో యూరోపియం అనే అరుదైన మూలకం తన తోటివాటికన్నా ఎక్కువగా కరుగుతుంది. పాత పట్టీల ఇనుపరాళ్ళలో అదే మిగులు కనిపిస్తుంది. అప్పటి సముద్రానికి ఇనుము ఎక్కువగా అడుగునుంచే అందిందనడానికి ఇంతకన్నా మంచి ఆనవాలు నాకు తెలియదు.

7. యురేనియం ఏ రూపంలో ప్రయాణించిందో అడగండి

నేలనూ ద్రావణాన్నీ వేరువేరు కథలుగా చెప్పేవాళ్ళకు నేను యురేనియం చూపిస్తాను.

ఇలియట్ లేక్‌లో సుమారు 245 కోట్ల ఏళ్ళ నాటి గులకరాళ్ళ పొరల్లో యురేనినైట్, పైరైట్ రేణువులు నది ఒరుసుకుని గుండ్రబడి ఉన్నాయి. 1950ల నుంచి 1996 దాకా అక్కడ గనులు నడిచాయి. 1886లో బంగారం బయటపడ్డ దక్షిణాఫ్రికా విట్‌వాటర్స్‌రాండ్ పొరలు ఇంకా పాతవి, అక్కడా అంతే. కర్ణాటకలో వాల్కుంజి పలుగు గులకరాళ్ళూ ఈ కోవలోవే. ఆక్సిజన్ ఉన్న నదిలో యురేనినైట్ నిలవదు, కరిగిపోతుంది. పైరైట్ తుప్పు పడుతుంది. సింధు నది ఇసుకలో యురేనినైట్ దొరుకుతుంది కదా అని తెలివైన విద్యార్థులు అడ్డుపడతారు. నిజమే, హిమాలయాల్లో కోత అంత వేగం, అంత చలి. కానీ పైరైట్‌తో జతగా, పొరల కొద్దీ, గనులు నడిచేంత అంటే సింధు ఉదాహరణ సరిపోదు.

ఆక్సిజన్ వచ్చాక ఆట నియమం మారింది. ఆక్సీకరణ చెందిన యురేనియం నీటిలో హాయిగా కరుగుతుంది. నేలలు దాన్ని వదిలేశాయి, భూజలం మోసుకెళ్ళింది, ఎక్కడ సేంద్రియ పదార్థమో ఆక్సిజన్ లేని రాయో తగిలితే అక్కడ మళ్ళీ గట్టిపడింది. గాబన్‌లోని ఓక్లో దగ్గర ఇది శృతి మించింది. 1972లో ఫ్రెంచివాళ్ళు ఆ ఖనిజంలో యురేనియం-235 ఉండాల్సిన 0.720 శాతం కాక 0.717 శాతమే ఉందని గమనించారు. ఎవరో కాజేశారేమో అని కంగారుపడి వెతికితే తేలిందేమంటే, సుమారు 200 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ అణు విచ్ఛేదన దానంతట అదే నడిచింది. అప్పట్లో యురేనియం-235 వాటా 3 శాతం దాటి ఉండేది, పగుళ్ళలోని నీరు న్యూట్రాన్ల వేగం తగ్గించింది. ఇలాంటిది జరగొచ్చని పాల్ కురోడా 1956లోనే లెక్కకట్టి చెప్పారు. నేల తుప్పు పట్టడం మొదలుపెట్టకపోతే అంత యురేనియం ఒక్కచోట చేరేదే కాదు.

మన తుమ్మలపల్లె కూడా ఆ తర్వాతి లోకానిదే. వేంపల్లె డోలమైట్‌లో పొర వెంబడి యురేనియం ఉంది. చుట్టుపక్కల గ్రానైట్ నుంచి కరిగి నీటితో వచ్చి చేరిందని ఎక్కువమంది అభిప్రాయం. నల్లగొండ జిల్లాలో లంబాపూర్–పెద్దగట్టు దగ్గరైతే శ్రీశైలం క్వార్ట్‌జైట్‌కూ కింది గ్రానైట్‌కూ మధ్య హద్దునే పట్టుకుని ఉంది. రెండో పాఠంలో గాలించమన్న హద్దు లాంటిదే అది. తుమ్మలపల్లెలోనూ లంబాపూర్‌లోనూ గని కావాలా వద్దా అన్నది ఊళ్ళవాళ్ళు తేల్చాల్సిన మాట, నేను రాళ్ళ సంగతి వరకే చెబుతున్నాను.

8. ఎండకు నిలబడ్డ రాయిని నమ్మకండి

కొండ మీద 300 కోట్ల ఏళ్ళ రాయి ఉందంటే, దాని ముఖం మీద నిన్నమొన్నటి వానలు కూడా పడ్డాయని గుర్తుంచుకోవాలి. 2013లో దక్షిణాఫ్రికాలోని పొంగోలా రాళ్ళలో, ఒక పురాతన నేలతో సహా, క్రోమియం ఐసోటోప్‌ల ఆధారంగా 300 కోట్ల ఏళ్ళ కిందటే కాస్త ఆక్సిజన్ ఉందని ఒక పత్రం వచ్చింది. 2018లో వేరే బృందం అదే వరసలోని ఇనుపరాళ్ళను పైకి తేలినచోటా, డ్రిల్ కోర్‌లోనూ పక్కపక్కన కొలిచింది. ఆ గుర్తు పైరాళ్ళలోనే ఉంది, కోర్‌లో లేదు. డబ్బు లేదంటే ఒక ప్రయాణం మానుకోండి గానీ కోర్ మానుకోవద్దు.

9. "అన్నిటికన్నా పాతది" అన్న మాట వినగానే ఖనిజం పేరు అడగండి

మనుషులకు మొట్టమొదటిది కావాలి. పత్రికలకు ఇంకా కావాలి. పాతదనంలో పోటీ ఉన్నచోట పైరోఫిల్లైట్ అనే మెత్తటి ఖనిజం పదేపదే ఎదురవుతుంది, తేలాల్సింది దాని దగ్గరే.

ఒడిశాలోని కేంఝర్‌లో 329 కోట్ల ఏళ్ళ నాటి సింగ్‌భూమ్ గ్రానైట్ మీద, 302 కోట్ల ఏళ్ళ నాటి క్వార్ట్‌జైట్ కింద ఒక మెత్తటి పొర ఉంది. దాన్ని పురాతన నేలగా గుర్తించి, అప్పటికే గాలిలో ఆక్సిజన్ జాడ ఉందని 2014లో జయదీప్ ముఖోపాధ్యాయ్ బృందం వాదించింది. మన దేశపు రాళ్ళ నుంచి ఇంత పెద్ద ప్రశ్న లేవడం నాకు సంతోషమే, అయితే సంతోషం వేరు, ఒప్పుకోవడం వేరు. పిల్బరాలో ఇంకా పాత హద్దుల కింద కూడా ఇలాంటి మెత్తటి రాళ్ళు ఉన్నాయి. ఒకరు నేల అంటారు, ఒకరు అగ్నిపర్వతపు ఆమ్ల జలాలు తినేసిన రాయి అంటారు.

పైరోఫిల్లైట్ రెండు దారుల్లో పుడుతుంది. నేలలోని కయోలిన్, పలుగు కలిసి పూడిపోయి, సుమారు 300 డిగ్రీల దగ్గర ఉడికితే వస్తుంది. పుల్లటి వేడి ద్రావణం గ్రానైట్‌ను నేరుగా తినేసినా వస్తుంది. సూక్ష్మదర్శిని కింద రెండూ ఒకేలా ఉంటాయి. టైటానియం, అల్యూమినియం నిష్పత్తి రెండింట్లోనూ చెదరకుండా ఉండొచ్చు.

ఇక అసలు పాతదంటే జాక్ హిల్స్. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆ కొండల్లో 440 కోట్ల ఏళ్ళ నాటి జిర్కాన్ రేణువు ఉంది. అలాంటి అతి పాత రేణువుల్లో కొన్నిటిలో ఆక్సిజన్ ఐసోటోప్‌లు బరువుగా ఉన్నాయని 2001లో రెండు బృందాలు వేరువేరుగా చెప్పాయి. నీటితో చల్లటి చోట మార్పు చెందిన రాయి మళ్ళీ కరిగి శిలాద్రవమైతేనే అలా వస్తుందని వాళ్ళ వాదన. ఆ రాయి నేలగా మారిందా, సముద్రం అడుగున మారిందా అన్నది ఇసుక రేణువంత లేని జిర్కాన్‌ను అడిగి లాభం లేదు. కేంఝర్‌ను మాత్రం అడగొచ్చు. అక్కడ కొండ ఉంది, హద్దు ఉంది. క్వార్ట్‌జైట్ అడుగు జానెడులో పైరోఫిల్లైట్ పెళ్ళలు ఉన్నాయా, ఉంటే వాటి అంచులు నదికి అరిగాయా, పలుగు చారలు వాటిని కోశాయా, వాటి దగ్గర ఆగాయా? రైలు దిగి, భూతద్దం తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని చూడాల్సిన పని. నా మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు, వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే పాత ఫీల్డ్ మ్యాపులు ఇస్తాను.